పదిహేడో మలుపు

ఈద్ సెలవులు నాలుగు రోజులని తెలిసిన సాయంత్రమే
సుగుణ సర్వపిండికి బియ్యప్పిండి జల్లించుడు షురూ చేసింది.
బండి మాది కాదు.
మెకానిక్ సాజన్‌ను అడిగి తెచ్చిన పాత పజేరో,
ఏసీ తిప్పితే ఆవలిస్తది,
కానీ నాలుగు చక్రాలూ లాగుతయి.
లాగకుంటే కొండ కింద పోలీసు ఎక్కనియ్యడు.

రూవీ దాటినంక ఒక్కటే అడుగుడు:
"జబల్ అఖ్దర్ అంటే ఏంది బాపూ?"
"పచ్చకొండ."
నిజ్వా తొవ్వల కిటికీలకెల్లి చూసి
శ్రీనిక తేల్చేసింది:
"ఎవలో అబద్ధమాడిన్రు.
ఇది కాల్చిన ఇటుక రంగున్నది."

చెక్‌పోస్టు కాడ పోలీసు ముల్కియా చూసిండు,
నా బతాకా చూసిండు,
వెనుక సీట్ల నిద్రవోయిన చిన్నోని నోట్లె వేలు చూసిండు.
"షువయ్, షువయ్" అన్నడు. మెల్లగ పో, మెల్లగ.
పదకొండేండ్ల కింద ఇదే తొవ్వల
నేను విన్నది ఒక్కటే మాట:
యల్లా, యల్లా.

మలుపులు లెక్కవెట్టుకుంట పోయి
పదిహేడో దాని కాడ బండి పక్కకాపిన.
"దిగుండ్రి. గీ గోడ నేను కట్టిన."
ఒక్కన్నే కాదు.
నేను, ఆర్మూర్ లింబాద్రి, ఇద్దరు బంగాలీలు,
పేరు మర్శిపోయిన ఒక పఠాను.
నాలుగు నెలలు.
పగటీలి ఈ బండ నీడ జానెడుంటుండె.
జానెడు నీడల అయిదు తలకాయలు పెట్టి
ఒళ్లు ఎండకు ఇడిసి పండుకుంటుంటిమి.

శ్రీనిక గోడ పొడుగునా వేలు రాసుకుంట నడిచింది.
"నీ పేరేది?"
"గోడలకు పేరు రాయరు బిడ్డా."
"మా బడి గోడకు రాసిన్రు గదా!"
"అది తెరిచినోల్లది."

గప్పుడే చిన్నోనికి ఒంటేలు వచ్చింది.
నా నాలుగు నెలల చెమట మీద
దర్జాగ నిలవడి పోసిండు.
సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.
నేను గట్టిగనే నవ్విన.
లోయ ఇంకో రెండుసార్లు నవ్వింది.

ఒక్క సంగతి వాళ్లకు చెప్పలే.
ఈ మలుపు దాటితే ఏమున్నదో
నాకూ తెల్వదు.
పొద్దుగూకంగనే లారీ మమ్ముల కిందికి తోలుకపోయేది.
తొవ్వ పైకి పోయింది.
నేను పోలె.

ఎక్కినకొద్ది చెవులు మూసుకున్నయి.
చిప్స్ ప్యాకెట్ ఉబ్బి మెత్త లెక్కయింది.
"పేలుతది బాపూ!" అనుకుంటనే శ్రీనిక దాన్ని
పురిటి బిడ్డను పట్టినట్టు ఒడిల పట్టింది.

పైన నిజంగనే పచ్చ.
మెట్లు మెట్లుగ మడులు, గులాబీలు,
దానిమ్మల కింద రాతి కాలువ, ఫలజ్ అంటరట.
చిన్నోడు కాలు పెట్టి
"ఫ్రిజ్జు నీళ్లు!" అని కేకేసిండు.
మస్కట్‌ల పుట్టినోడు.
నల్లా తిప్పితే ఉడుకునీళ్లే వస్తయనుకునేటోడు.

చలి ఇట్లుంటదని అనుకోలె,
స్వెటర్ ఒక్కటీ తేలె.
బండి వెనుకున్న నా కంపెనీ జాకెట్ పిల్లకు తొడిగితే
మోకాళ్ల దాకా వచ్చింది.
రాత్రి టెంటు కాడ సుగుణ టార్చి కొట్టింది.
జాకెట్ పట్టీలు భగ్గుమని
చీకట్ల ఒక రోడ్డు
తనంతల తాను నడిచి వచ్చి
"ఆకలైతుంది" అన్నది.

దిగేటప్పుడు ఖాళీ సీసాకు మూత బిగించింది.
"కొండగాలి" అన్నది.
ఇంటికొచ్చే వరకు సీసా చెంపలు లోపలికి పీక్కపోయినయి.
మార్కర్‌తోటి వంకర అక్షరాలు రాసి
ఫ్రిజ్జుల నిలవెట్టింది:
బాపు కొండ. తెరువొద్దు.

తెల్లారి చిన్నోడు తెరిచి
నల్లా నీళ్లు వట్టి తాగిండు.
ఏడుపుకు ఇల్లు ఎగిరిపోయింది.

నేను డ్యూటీ బూట్లు కట్టుకుంట లెక్క చూసుకున్న.
బక్రీదుకు సాజన్ బండి ఖాళీగుంటదా,
పెట్రోలుకు ఎన్ని రియాళ్లు,
రెండు స్వెటర్లకు ఎన్ని.
సీసాకైతే
పైస ఖర్చు లేదు.