సి షిఫ్టుకి ఒక ఆకు

అరకు బస్సు కాంప్లెక్స్‌లో ఆగేసరికి ఎనిమిదిన్నర.
తడిగోనె కప్పిన బుట్ట నెత్తినెట్టుకుని
పాంగి సోనాయి దిగుతుంది.
"ఏటి కావాలమ్మా ఈయేల?"
అది తెలిసుంటే
ఇన్నేళ్లూ పునుగులే వేసుకుంటూ కూర్చుందునా?

మొదట గుండ్రటిదాన్ని నమ్మేను.
ఐస్‌బర్గ్ అంటారట.
పేరు చెబితే ఓడలు దడిసే మంచుకొండ
మన రేవుకి ఎన్నడూ రాలేదు గాని
లాసన్స్ బే దగ్గర నా బండెక్కింది.
టెంక ముదరని మామిడిపిందె కొరికినట్టు
ఏం చప్పుడు!
పావుగంట గడిస్తే ఏడుపు.
నీళ్లన్నీ దిగి, బన్ను అడుగు
టీలో మునిగిన బిస్కెట్టు.

తర్వాత పొడుగాటిది, రొమైన్.
నడుమ తెల్లటి ఈనె, లైట్‌హౌస్‌లా నిటారు.
ఆ ఈనె తెగదు.
ఒక్క కొరుకుకి ఆకు ఆకంతా వెనకనించి జారి
సాసుతో సహా చొక్కా మీదికి.
ఇంటర్వ్యూకి పోతున్న కుర్రాడొకడు
నా కళ్లముందే అలా పాడైపోయేడు.
డ్రమ్ములో నీళ్లు ముంచి, చొక్కా జేబు
నేనే కడిగేను.

మూడోది మేకపిల్ల చెవంత మెత్తన.
దాని సంగతి చెప్పుకోడానికేం లేదు.
ఉప్పుగాలి ఒకసారి తగిలిందా
అలిగి పడుకునేది.

పక్కన పొత్తులు కాల్చే ఎర్నమ్మ
విసనకర్ర ఆపి నవ్వేది:
"ఆకు కింద, కూడు పైన, అదీ వరస.
నువ్వేటే, ఆకుని మద్దెన ఇరికించి
దాని పేణం తీస్తన్నావు?"

బొడ్డేటి వరహాలు వచ్చేది రాత్రి ఎనిమిదికి.
కూర్మన్నపాలెం బస్సు పట్టుకోవాలి, సి షిఫ్టు.
"కట్టీయండి. ఒంటిగంటకి గాని విప్పను."
అయిదు గంటలు!
నా చేతిలో ఉన్న ఆకుల వంక చూసేను.
ఒక్కటీ నా కళ్లలోకి చూళ్లేదు.

వేడి వచ్చి ఆకు మీద పడ్డా
ఆకెళ్లి వేడి మీద పడ్డా
చిరిగేది ఆకే, తెలుసు.
తెలిసీ నెలరోజులు
ఆ మనిషికి తడిబొంత లాంటి బర్గరు కట్టేను.
అతను ఒక్క మాటా అనలేదు.
అనుంటే కాస్త నిద్రపట్టేది నాకు.

ఒక మంగళవారం
సోనాయి బుట్ట బోర్లించింది.
అన్నిటికంటే అడుగున
ఇంకేదో ఆకు, పరుపులా పరిచి ఉంది.
అంచులు లంగా కుచ్చిళ్లలా ముడుచుకుని,
కొసన కాస్త ఎరుపు తిరిగి.
"అదా? అది అమ్మనమ్మా.
మిగతాయి నలక్కుండా కింద ఏస్తాను."
అనంతగిరి మలుపులన్నీ కాసిందది,
పైనున్న ముగ్గురి బరువూ మోసింది,
బస్సు కుదుపులు మోసింది.
తీసి దులిపితే
లేచి నిలబడింది.

మూడుసార్లు కడిగేను.
పాత నేత తువ్వాల్లో చుట్టి తడి లాగేను.
ఈనె మొదలు గిల్లి పారేసి
వెన్నకాగితంలో విడిగా మడిచి
బర్గరు పక్కన పెట్టేను.
"తినేముందు మీరే పెట్టుకోండి.
ముద్ద కిందన, బన్ను మీదన.
కుచ్చిళ్లు బయటికి."
వరహాలు తలూపేడు,
డ్యూటీ చార్టు విన్నట్టు.

మర్నాడు వచ్చి, చిల్లర లెక్కెడుతూ,
నా మొహం చూడకుండానే అన్నాడు:
"కొలిమి కాడ అందరం సెగకి మాడిపోయున్నాం.
కాగితం విప్పేను.
బతికే ఉందండి."
ఆ తర్వాత చాలాసేపు
నా చేతులు ఉత్తినే బండ తుడిచేయి.

ఇప్పుడు అడుగాకుకీ ధర కట్టింది సోనాయి.
కిలో ఎనభై, బేరం లేదు.
బేరం ఆడే మొహం నాకూ లేదు.
ఒక్కటే అడిగేను:
"మరి బుట్ట అడుగున ఏం వేస్తున్నావే?"

"అడ్డాకు" అంది,
ఎర్నమ్మ దగ్గర కాల్చిన పొత్తు ఒలుచుకుంటూ.