కుక్కల కోసమే

నవంబరు మొదటివారంలో ఉమ్మన్నాక్‌ను వదిలి
దక్షిణపు కొండ వెనక్కి దిగిన సూర్యుడు
ఫిబ్రవరి దాకా మొహం చూపించడు.
ఆ చీకట్లోనే సండేస్కూలు పిల్లల్ని
రాతి చర్చిలో పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అడుగుతాను:
దేవుడు ఎలాంటివాడు?

దీర్ఘశాంతుడు, అంటుంది పనీరాక్ ముక్కు తుడుచుకుంటూ.
నమ్మదగినవాడు. కృపగలవాడు.
చివరి పిల్లాడికి మాట మిగలక
పెద్దవాడు, అంటాడు.
అదీ ఒప్పుకుంటాను.

ఇరవై రెండేళ్ళుగా వల్లె వేయిస్తున్నాను.
నూకా పేరు వింటే మాత్రం
నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి.

మూడేళ్ళ కిందట గడ్డకట్టిన సముద్రం మీద
నా గాలాల తాడు తెగింది.
మంచు తెంపితే తాడు పీచుపీచుగా చీలుతుంది.
ఇది వెన్న కోసినట్టుంది.
నూట యాభై గాలాలూ, వాటికి పడ్డ హాలిబట్ చేపలూ
నీటి అడుక్కి పోయాయి.
అంత పదునైన కత్తి ఊళ్ళో ఒక్కటే.

ప్రార్థన మానలేదు నేను.
ప్రభువా, నీ సాత్వికం నాకియ్యి, అన్నాను.
ఇయ్యలేదు.
నూకా కాలు విరిగింది.
అది నేనడగలేదు.
అడగలేదనే అనుకుంటాను.

డిసెంబరులో అతని కుక్కలు ఏడ్చాయి.
పదకొండు, గొలుసులతో.
అతనితో మాట్లాడేవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు.
మొదటి రాత్రి దిండు చెవులకు అదుముకున్నాను.
రెండో రాత్రి గొంతులు తగ్గాయి.
కుక్క అరుస్తున్నంతసేపూ ఫరవాలేదని,
అరవడం మానితేనే భయపడాలని
ఇక్కడ పసిపిల్లకైనా తెలుసు.

మూడోరోజు ఎండుచేపలు బస్తాకెత్తుకుని వెళ్ళాను.
నూకా కోసం కాదు, కుక్కల కోసమే.
కిటికీకి వినబడేలా పైకే అన్నాను.
నాలుగోరోజూ అన్నాను.
పదోరోజు అనడం మర్చిపోయాను.

ఒక పున్నమికి, మిట్టమధ్యాహ్నం
(మా చలికాలపు నిండుచంద్రుడు అస్తమించడు,
గొలుసున్న కుక్కలా చుట్టూ తిరుగుతుంటాడు)
దారిలో ఆగిపోయాను.
సూర్యుడు మాకు కనబడడు గాని చంద్రుడికి కనబడతాడు.
చంద్రుడు మంచుకిస్తాడు.
మంచు నా బూట్లకిస్తుంది.
ఎవరి దగ్గరా సొంత సొమ్ము లేదు,
అంతా చేబదులే.

ఐతే నేనూ మంచిదాన్ని అవుతున్నానా అని
లోపల్లోపల తడిమి చూసుకున్నాను.
అలా తడుముకుంటూ చేప అందించబోతే
ముసలి కుక్క తొడుగుతో సహా వేలు కొరికింది.

జనవరిలో అతని మెట్టు మీద టీ గ్లాసు.
నేను వెళ్ళేసరికి రాయిలా గడ్డకట్టింది.
మర్నాడు గ్లాసు బదులు ఫ్లాస్కు పెట్టాడు.
మాటల్లేవు.
తాగాను.

సూర్యుడొచ్చే రోజు ఊరంతా గుట్టెక్కింది.
నూకాను అతని బండి మీదే తెచ్చాను,
కుక్కల్ని నేనే పూన్చాను.
సగం దారిలో, నా వీపుకు చెప్పాడు:
తాడు కోసింది నేనే.

తెలుసు, అన్నాను.
అన్నానే గాని లేచింది కోపం,
ఆ పాతదే, మూడేళ్ళ వడ్డీతో.
పిల్లలకు నేర్పిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి,
ఒక్కటీ అక్కరకు రాలేదు.
చేతులు వణికాయి.
చేతుల్లో పగ్గాలున్నాయి గనక వదల్లేదు.

చాలాసేపటికి,
రేపు గాలాలకు ఎర గుచ్చాలి, అన్నాను.
కూర్చుని చేసే పనే. రా.
ఆ మాట నాది కాదు.
ఎవరిదో చేబదులు.

కొండ అంచున ముందు ఒక గోరంత,
తరవాత నాలుగు నిమిషాల సూర్యుడు.
జనం తొడుగులు విప్పి అరచేతులెత్తారు.
నూకా కర్రలు వదిలేసి మరీ ఎత్తాడు,
పడిపోబోతే భుజం పట్టుకున్నాను.

అత్తా, నీ మొహం మీద పడింది! అరిచింది పనీరాక్.
ఎంత? అన్నాను.
నా మొహం నాకు కనబడదు గదా.

ముక్కు దాకా, అంది పిల్ల.
ఇంకా కిందికి రాలేదు.