ఆరువందల నలభై అడుగులు

మర్రిగూడ అవతల, ఇద్దయ్య చెల్కల
రాత్రి పదకొండింటికి
తిరుచెంగోడు బండి ఇంకా గుర్రుమంటనే ఉన్నది.
బోరు నోట్లకెల్లి నీళ్లు రాలే.
పిండి. జొన్నపిండి లెక్క తెల్లటి రాతిపిండి
బత్తాయి ఆకుల మీద, ఇద్దయ్య రెప్పల మీద.

నా పని డీజిల్ డబ్బాలు మోసుడు.
ఏడో డబ్బా వంచుతుంటే అడిగిండు:
"గీ నూనె భూమిల యాడికెల్లి వస్తదిరా, హర్యా?"

కోనసీమల చమురు రిగ్గు కాడ
రెండేండ్లు పైపులు తుడిచినోణ్ని.
అక్కడి రాళ్ల సారు చాయ్ తాగుకుంట చెప్పిన ముచ్చట
యాదికున్నంత చెప్పిన.

ఒకప్పటి సముద్రమే, మామా.
అండ్ల కంటికానని నాచు, నలుసంత పురుగులు.
బతికినన్ని దినాలు ఎండ తాగినయి,
సచ్చి అడుగుకు దిగినయి.
ఆడ గాలాడదు. గాలి లేకుంటే కుళ్లుడు గూడ సాగదు.
మీద ఒండ్రు. ఒండ్రు మీద ఒండ్రు.
బరువుకు బురద రాయైంది.
కిందికెల్లి భూమి సెగ,
దాలిల పాలకుండకు తాకినట్టు సన్నగ,
కోట్ల ఏండ్లు.
సెగ చాలకుంటే నూనె గాదు.
మించితే అంతా గాలైపోతది.

"అయినంక ఊకుంటదా?"

ఊకోదు. నీళ్లకన్న తేలిక గదా,
ఇసుకరాయి సందులల్లకెల్లి మీదికి పాకుతది,
గట్టి మూతరాయి నెత్తికి తాకేదాంక.
ఆడ్నే ఆగుతది. ఎవరో ఒకరు పొడిచేదాంక.

ఇద్దయ్య పిడికెడు పిండి తీసిండు.
"మరి మన కాడ?"

మన రాయి నిప్పుల పుట్టింది.
కరిగింది, గడ్డకట్టింది, గంతే.
ఇది పుట్టిన్నాటికి లోకంల చాపలే లేవు.
దీని కడుపుల ఏదీ సావలే, నూనె అయ్యేటందుకు.
నీళ్లు గూడ దీని సొంతం గావు,
పగుళ్లల్ల చిక్కిన పాత వానలు.

ఈ మాట నోటిదాంక వచ్చి ఆగింది.
అదే చెల్కల మూడు బోర్ల మూతులకు
సిమెంటు సంచులు కట్టి ఉన్నయి.

పళనిసామి లివరు కాడ నిలబడి
రెండు వేళ్లు చూపిండు:
ఇంకో రెండు రాడ్లా, బందు వెట్టాల్నా?

డబ్బా తొణికి డీజిల్
ఇద్దయ్య చేతి మీద పడ్డది.
తుడుసుకోలే. ముక్కు కాడికి తీసుకుండు.
"సముద్రం నేను సూడలే హర్యా.
వాసన గిట్లనే ఉంటదా?"

"ఉప్పు వాసనుంటది, మామా."

తలూపిండు.
పళనిసామి దిక్కు తిరిగి
ఒక్క వేలు లేపిండు.