జారిన అడుగు

ఒబ్దూలియా మొదట నా బూట్లవైపు చూసింది.
"నలభై రెండా?"
నలభై ఒకటి అన్నాను.
"పరవాలేదు, దాని మధ్యవేలికి సరిపోతావు" అని
తాళంచెవి తీసుకుని ముందు నడిచింది.
కొండవాలుకి తాళమేమిటో నాకు తెలియలేదు.

సీదాకోస్ పేరుకే నది. ఆగస్టులో అదొక గులకరాళ్ల వరస.
రియోహా ద్రాక్షతోటలు కిందెక్కడో ఆగిపోయాయి.
ఇంత పైకి ఎక్కివచ్చేది
గొర్రెలూ, అడవివాము వాసనా,
పనిలేని నాలాంటివాళ్లూ.

తాళం రేకుపెట్టెదట.
అందులో చీపురు, బకెట్టు.
ఊట దగ్గర్నుంచి నీళ్లు నాచేతే మోయించింది.

బండ ఏటవాలుగా పడుకుని ఉంది,
ఆరేసిన గోనెపట్టాలా.
మధ్యాహ్నం పన్నెండు. ఏమీ కనిపించలేదు.
"కనిపించదు. నడినెత్తిన ఎండలో
దేనికీ లోతుండదు" అంటూ
బకెట్టు వంచింది.
నీళ్లు బండంతా పాకి, పాకి,
కొన్నిచోట్ల మాత్రం ఆగాయి.
ఆగినచోటల్లా మూడు వేళ్లు.

మూడు వేళ్లు, మడమ.
బారెడు దూరంలో మళ్లీ మూడు వేళ్లు.
మేం రావడానికి కాస్త ముందే ఎవరో
బురదకాళ్లతో వంటింట్లోకి వెళ్లిపోయినట్టు.

వేళ్ల సందుల్లో మట్టి చిమ్ముతూ చెప్పింది:
"మా అమ్మమ్మ కోడి అడుగులనేది.
మబ్బంత కోడి. గాలివాన రాత్రి దిగి
గింజలు లెక్కచూసుకుని పోయేదట.
ఈ బండమీదే మా కళ్లం.
తూర్పారబట్టాక పిడికెడు గోధుమలు
గుంటల్లో వదిలేసేవాళ్లం, కోడి వాటా.
పిచ్చుకలు తినేవనుకో."

తనకు పంతొమ్మిదేళ్లప్పుడు
సరగోసా నుంచి ఒక గడ్డపాయన వచ్చాడు, సుద్దముక్కతో.
ఒక్కో గుంట చుట్టూ గీత గీసి
పన్నెండు కోట్ల ఏళ్లన్నాడు.
"అయితే కోడి కాదా?"
ఆయన చాలాసేపు ఆలోచించి
"పూర్తిగా కాదని చెప్పలేను" అన్నాడట.
ఒబ్దూలియా నవ్వింది. రెండు పళ్లు వెండివి.

పన్నెండు కోట్లు. నోటితో అనడం తేలికే.
నేను మనసులో సున్నాలు పెట్టుకుంటూ పోయి
ఐదోదాని దగ్గర దాహమేసి ఆగిపోయాను.

పదకొండో అడుగు దగ్గర
నా భుజం పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది.
ఇది మిగతావాటిలా లేదు.
వేళ్లు పొడుగ్గా సాగిపోయి, పక్కన బురద
పెదవిలా లేచి, అలాగే రాయైంది.
"ఇక్కడ జారింది."
గుంటలో అరచెయ్యి ఆనించి,
"చూడు, తర్వాతి అడుగు పొట్టిది.
ఆ పైదీ పొట్టిదే. భయపడింది పాపం.
నాలుగోదానికి గాని మామూలు కాలేదు."

జనవరిలో తనూ జారింది,
కట్టెలు తెస్తూ, మంచుపట్టిన గడపమీద.
తుంటిలో ఇప్పుడు లోగ్రోన్యో ఆస్పత్రివాళ్ల మేకులు మూడు.
"దానిది టన్నున్నర బరువు. ఏమీ విరగలేదు.
నేను యాభై కిలోలు."
ఇందులో ఎవరో తనకు సమాధానం చెప్పాలన్నట్టు
బండవైపు కాసేపు చూసింది.

ప్రతి చలికాలం పగుళ్లలో నీరు గడ్డకట్టి
ఒకటో రెండో పెచ్చులుగా ఊడిపోతాయట.
లెక్క తన దగ్గరుంది, క్యాలెండర్ కాగితం వెనక:
నిరుడు నూటనలభై మూడు, ఈ ఏడు నూటనలభై.
అదే కాగితం అడుగున ఇంకో చిన్న అంకె,
నాలుగు కొట్టేసి మూడు.
ఊళ్లో పొగ లేచే గొట్టాలు వస్తూనే చూశాను,
అందుకని అడగలేదు.

ఏడున్నరకి ఎండ పక్కకి ఒరిగింది.
నీళ్లు ఎప్పుడో ఇగిరిపోయాయి,
గుంటల్లోకి ఈసారి నీడ వచ్చి నిలిచింది.
చిమ్మనివి కూడా లేచాయి,
పెద్దవాటి పక్కనే, గుప్పెడంత చిన్నవి,
తిన్నగా నడవడం చేతకానివి.
అన్నీ కలిసి పైకి పోయి
మట్టి మొదలైనచోట మాయమయ్యాయి.
"ఇక్కడ ఆగాయా?"
"అవెందుకు ఆగుతాయి?
కొండే వచ్చి వాటిమీద కూర్చుంది."

బకెట్టు, చీపురు పెట్టెలోకి వెళ్లాయి. తాళం.
దిగుతుంటే గులకలో ఆమె కాలు కొంచెం పట్టు తప్పింది.
చెయ్యి చాచాను, చూడనట్టే ఉంది.
పొట్టి అడుగు.
పొట్టి అడుగు.
వెనక నేను
ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను.