పన్ను కట్టడం

బెండిగోలో జూలై. క్లినిక్ తాళం మీద మంచు.
ఏడున్నరకి హీటర్ వేసి, కంప్రెసర్ వేసి,
కోటు తొడుక్కోకముందే బ్యాంకు ఖాతా తెరుస్తాను.
ఎవరి నోరైనా తెరిపించే ముందు
తెరవాల్సింది ఇదేనని
కాలేజీలో ఒక్క ప్రొఫెసరూ చెప్పలేదు.

పదకొండు వేల నాలుగు వందల డాలర్లు.
పైకి బాగానే ఉంది.
మొనతో నొక్కి చూస్తే కదా తెలిసేది
ఏది గట్టిదో, ఏది లోపల డొల్లో.

అందులో నాలుగు వేలు నావి కావు.
మొరీన్ జీతంలోంచీ, కోలీన్ జీతంలోంచీ
కోసి పక్కన పెట్టిన పన్ను.
మా భాషలో రెంటికీ ఒకటే మాట:
నేను పీకేదీ పన్నే,
నా పీక మీద కూర్చునేదీ పన్నే.
కోలీన్‌కి ఈ జోకు చెప్పబోయాను.
విడమరిచే లోపు ఫోను మోగింది.

గురువారం జీతాలు.
పదిహేనో తేదీన కుర్చీ వాయిదా.
ఆ లేతనీలం కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళ మెడ కిందా
దిండు సర్దుతాను గాని
ఇంకో ముప్పై ఒక్క నెలలు అది నాది కాదు.

రావలసింది లేదా అంటే, ఉంది.
ట్రెవాస్కిస్ గారి కింది దవడలో,
ఎడమ పక్క, వెనక నుంచి రెండోది,
పదహారు వందల డాలర్ల క్యాప్.
ట్రామ్ షెడ్డులో మెకానిక్‌గా చేసి దిగిపోయిన మనిషి.
రెండు వారాలకి ఎనభై చొప్పున ఇస్తాడు, పింఛను పడ్డ రోజునే.
వాళ్ళ ముత్తాత బంగారం కోసం ఈ ఊరి కింద తవ్వాడట.
"నువ్వూ అదే పనిలో ఉన్నావు" అన్నాడు
నోట్లో దూదితో.
నా లాభం ఆయన నోట్లో ఉంది.
రోజూ పొద్దున దాంతో టోస్టు నములుతున్నాడు.
నమలనీ. అందుకేగా పెట్టింది.

ఓవర్‌డ్రాఫ్ట్ కోసం మూడు బ్యాంకులు తిరిగాను.
ఏ రాయైతేనేం, పళ్ళు రాలగొట్టుకోడానికి!
(నా వృత్తికి ఇంతకంటే లాభసాటి సామెత లేదు.)
మూడో చోట గ్లెన్ అనే కుర్రాడు
కాగితాలు తిరగేసి అడిగాడు:
"ఇంతకాలం రొటేషన్‌కి డబ్బు ఎవరిచ్చారు?"
ఎవరూ ఇవ్వలేదు, అలా సర్దుకుపోయాను అన్నాను.

అబద్ధం.

ఫుట్‌స్క్రేలో లామ్ గారి ల్యాబు.
మేడ మీద ఒక గది, రెండు దీపాలు, ఒక కొలిమి.
ట్రెవాస్కిస్ గారి క్యాప్ అక్కడే కాలి, మెరిసి,
గడ్డి పరిచిన చిన్న పెట్టెలో నా దగ్గరికొచ్చింది.
దాని బిల్లుకి తొంభై రోజులు.
కుర్చీ కంపెనీని ఆగమనలేదు, కరెంటు వాళ్ళని ఆగమనలేదు.
ఆగేవాణ్ణి ఆగమన్నాను.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి.

మంగళవారం ఫోన్ చేశాడు.
రంగు కుదిరిందా అన్నాడు. కుదిరిందన్నాను.
కరుస్తుంటే ఎత్తు తగులుతోందా అన్నాడు. లేదన్నాను.
కాసేపు ఇద్దరి మధ్యా
కొలిమి హోరు.
తర్వాత, తనదే తప్పన్నట్టు:
"డాక్టర్, పింగాణీ పొడి కొనాలి."

గ్లెన్ పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టాను.
తొమ్మిదిన్నర శాతం.
చేబదులుకి వడ్డీ ఉండదనుకుంటాం;
ఉంటుంది,
ఎవరో ఒకరి మేడ మీద గదిలో.

మొదట లామ్ గారికి పంపాను, పైసాతో సహా.
తర్వాత జీతాలు.
ఖాతాలో అంకె ముందు ఒక చిన్న గీత పడింది.
అడ్డంగా, సన్నగా,
ఎక్స్‌రేలో మొదటి పగులు కనపడినట్టు.
దాన్ని చూస్తూ టీ తాగాను. టీ చల్లారిపోయింది.

ఎనిమిదిన్నరకి మొదటి పేషెంటు, ఆరేళ్ళ పిల్ల.
నోరు తెరవగానే పాలపన్ను
దానంతటదే నా గ్లవ్ లోకి రాలింది.
సూది లేదు, డ్రిల్లు లేదు.
దూదిలో చుట్టి దాని చేతిలో పెట్టాను.

కౌంటర్ దగ్గర కోలీన్ బిల్లు పేజీ తెరిచి
నా వంక చూసింది.
నేను చేతులు కడుక్కుంటున్నాను.

పేజీ మూసేసింది.