ఆయ్ అంటే అవును కాదు

సఖినేటిపల్లి రేవులో పంటు దిగుతూనే
ఆమె అడిగిన మొదటి మాట
రసీదు ఇస్తారా అని.
నది దాటినందుకు టికెట్టుంది, ఇస్తారు.
కొబ్బరిబొండానికి ఉండదు.
ఆటో ఏడుకొండలుకి ఉండదు.
పోసిరత్నం ఇంట్లో రెండుసార్లు వేయించుకున్న చేపలపులుసుకి
బిల్లు అడిగితే ఊళ్లో బతకనివ్వరు.
అన్నీ ఓ చిత్తుకాయితం మీద రాసి
నేనే సంతకం పెట్టాను.
ఆ లెక్కలో నా పేరు లేదు.
'దుభాషి, రోజుకి తొమ్మిదివందలు' అని ఉంది.

పేరు థుయ్.
మెకాంగ్ నది దిగువన ఎక్కడో పుట్టి
చలిదేశంలో చదువుతోంది.
ఉమ్మినట్టుంది, ఇదేం పేరని
పాలెం ఆడాళ్లు తుయ్యమ్మని చేసేశారు.
స్టేషన్లో ఫారం నింపే రైటరు మాత్రం
మూడుసార్లు కొట్టేసి రాశాడు.
ఎక్కడ దిగింది, ఎన్నాళ్లు, దేనికొచ్చింది?
చెరువుల గురించి, అంది.
"ఏ చెరువులు? ఎవరివి?" అంటూ కుర్చీ ముందుకి జరిపాడు.
"రొయ్యల మేత గురించండి" అన్నాను నేను.
అదీ అనువాదమే.

చెప్పాల్సినవి చెప్పాను.
తెల్లారకట్ల నాలుగింటికి షెడ్డు వ్యాను వచ్చి
రొయ్యలు ఒలిచే ఆడాళ్లని ఎక్కించుకుపోతుంది.
పొద్దున్నే ప్రశ్నలు పట్టుకెళ్తే
గొళ్లెం చెప్తుంది జవాబు.
సాయంత్రం వెళ్లు,
ఐసులో నానిన వేళ్లు కాస్త వెచ్చబడ్డాక.
రికార్డరు పాలకవర్లో చుట్టుకో,
ఈ ఉప్పుగాలి ఏడాదికో సైకిల్ చైను తింటుంది.
మొదటి టీ వద్దనకు. రెండోదానికి అలవాటుపడకు.

గట్టు మీద నడక మాత్రం నేర్పక్కర్లేకపోయింది.
చెప్పులు చేత్తో పట్టుకుని
బొటనవేలు బురదలో దిగేసుకుంటూ పోయింది,
వెనకనుంచి చూస్తే అచ్చం మా పిన్ని.
జారిపడింది నేను.

ముప్పైనాలుగు ప్రశ్నలు.
అవును, కాదు, తెలియదు.
పొలం ఇష్టపడే చెరువుకిచ్చారా?
ఆయ్, అంది పోసిరత్నం.
కౌలు టైముకి అందుతోందా?
ఆయ్.
బోరు నీళ్లు ఉప్పెక్కాయా?
ఆయ్.
అవును అవును అవునని పరిగెట్టింది తుయ్యమ్మ పెన్ను.
ఆగమన్నాను.
ఆయ్ అంటే అవును కాదు.
వింటున్నానని. మర్యాదని. కానివ్వండని.
ఒక్కోసారి, మీరెళ్లాక మాట్లాడుకుంటాం అని.
"మరి ఏ గడిలో వెయ్యాలి?"
గడి లేదు.

ఆఖర్న సమ్మతి పత్రం తీసింది.
ఇంకుప్యాడు మూత తియ్యగానే
పోసిరత్నం చెయ్యి కొంగులోకి పోయింది.
"ఎకరం ముప్పావు ఇలాంటి కాయితానికే పోయింది తల్లీ.
మూడేళ్లకన్నారు. పదకొండయింది.
నా కథ ఎవరికైనా చెప్పుకో, పేరెట్టి చెప్పుకో.
వేలు మాత్రం ఇవ్వను."

అది నేనింకా ఇంగ్లీషులోకి మార్చనేలేదు,
తుయ్యమ్మ ప్యాడు మూసేసింది.
తన భాషలో ఏదో అంది, మెల్లిగా, చాలాసేపు.
నాకు రాదా భాష.
పోసిరత్నం ఆయ్, ఆయ్ అంటూ వింది.

ఆ రాత్రి నర్సాపురం లాడ్జిలో
సిగ్నల్ కోసం డాబా ఎక్కి, నీళ్లట్యాంకు నిచ్చెన మీద నిలబడి
యూనివర్సిటీకి ఉత్తరం పంపింది:
సంతకం లేకుండా నోటిమాట చాలుతుందా అని.
తొమ్మిది రోజులకి జవాబు.
కమిటీ కూర్చోవాలట.

ఈలోగా ముప్పైనాలుగు ప్రశ్నల పక్కనా
స్కేలు పెట్టి నాలుగో గడి గీసింది.
నెత్తిన ఏం రాయాలంది.
రెండక్షరాలు నేర్పాను.
య కింద పొల్లు ఎటు తిప్పాలో ఇప్పటికీ తడబడుతుంది.

ఇంకుప్యాడు షాపతను వెనక్కి తీసుకోలేదు.
నలభై అయిదు రూపాయలు.
దానికి మాత్రం రసీదుంది.