ఊపిరి కోసుడు

మనామాల, గుదైబియా సందుల,
టైలర్ దుకాణం మీద స్టూడియో.
ఎర్రబల్బు వెలిగితే ఏసీ బంద్.
హార్క్‌నెస్ సాబు అంగీ విప్పి, ఉత్త బనీను మీద నిలవడి
బ్యాంకు అయితుండె, దగ్గుమందు అయితుండె,
పిల్లల సీరియల్ల ముసలి ఒంటె అయితుండె.
లండన్‌ల నాటకాలు ఆడిండట.
మొఖం ఎవ్వలకు నచ్చలేదట.
ఆ మాట నవ్వుకుంటనే చెప్పిండు, రెండుసార్లు.

నా పని ఆయన ఊపిరి కోసుడు.
మాటకూ మాటకూ నడుమ పీల్చిన గాలి
స్క్రీను మీద గడ్డిపోచ లెక్క కనవడుతది.
పట్టి, కోసి, పారేసుడు.
పంతొమ్మిదేండ్లు.
"గంగారాజం, మనిషి జాడ ఉండొద్దు" అంటుండె
వచ్చీరాని హిందీల.

మొన్న గొంతుల గడ్డ.
టికెట్ ఒక్కదిక్కుదే.
పోయేనాడు లిఫ్టుల మేమిద్దరం, ఒక సూట్‌కేసు.
తలుపులు మూసుకుంటున్నయని
పైనుంచి ఇంగ్లీషుల ఆయన గొంతే చెప్పింది.
కింద ఆయన పెదవులు గూడ కదిలినయి.
చప్పుడు రాలే.

కారు పార్కింగుల, బ్యాంకు ఫోన్ల ఇంకా ఉన్నడు
ఉక్కపోత లేకుంట, చెమట లేకుంట.

ఒక్క సంగతి సాబుకు చెప్పలే.
కోసినయన్నీ పారెయ్యలే నేను.
ఫైలుంది. నలభై ఒక్క నిమిషాలు.
అండ్ల మాట ఒక్కటి లేదు.
రూముల లైట్లు ఆర్పినంక చెవులకు పెట్టుకుంట.
మీది మంచం పోశన్న తొంగిచూసి అడుగుతడు,
ఏం పాటరా అది?
జర ఆగు, అంట.
ఇప్పుడే ఏదో చెప్పవోతున్నడు.